మడ అడవికి వచ్చిన పాఠకులు

పుంటా మన్సా,
ఫిబ్రవరి 9

జొరైదా అక్కకి,

కొబ్బరుండల డబ్బా అడుగున ఉత్తరం చూసి నవ్వుకుని ఉంటావు, ఈ రోజుల్లో కాగితం ఏమిటే అని. ఏం చెయ్యమంటావు? వంతెన దగ్గర మోచో మనుషులు బస్సు ఆపి అందరి ఫోన్లూ తీసుకుంటున్నారు. ఎవరికి ఏం రాశామో, మనకి ఎవరేం రాశారో మొత్తం చూస్తారు. నచ్చితే ఫోను తిరిగి ఇస్తారు. నచ్చకపోతే మనిషిని దించేస్తారు. దిగినవాళ్ళు ఇంటికి రావడం లేదు. మిఠాయి డబ్బాలైతే పైన రెండు నోట్లో వేసుకుని వదిలేస్తారని డ్రైవరు చెప్పాడు.

మోచోని నువ్వు మరిచిపోయి ఉండవు. గుల్లలు ఏరే డోన్యా ఫెలీసా పెద్దకొడుకు, చూపుడువేలు లేనివాడు. చిన్నప్పుడు మనం ఆవిడ వెంట మడ అడవిలోకి వెళ్తే పడవ తాడు పట్టుకుని కూర్చునేవాడు కదా. ఇప్పుడు ఊరి తాడంతా వాడి చేతిలోనే ఉంది. ప్రతి అంగడీ నెలనెలా వాడికి ‘టీకా’ వేయించుకోవాలి. అంటే డబ్బు కట్టాలి. కట్టనివాళ్ళకి జబ్బు చేస్తుంది.

సరే, అసలు సంగతి నా బ్లాగు. మొదలుపెట్టి ఏడాది దాటింది. చదివేవాళ్ళు నలుగురు. ఒకరు నువ్వు, అదీ నేను గుర్తుచేస్తేనే. రెండో మనిషి మా ఆయన అర్సెనియో. ఆయనకి నేనే చదివి వినిపించాలి, సగంలో ఏదో పడవ ఇంజను గుర్తొచ్చిందని లేచిపోతాడు. మూడోవాడు జుట్టు మొలిపించే మాత్రలు అమ్ముతాడు. నాలుగో మనిషి ఎవరో తెలీదు, ఎప్పుడో ఒకసారి వచ్చి వెళ్ళిపోతాడు.

నువ్వు అక్కడ క్విటోలో ఊరివాళ్ళందరికీ బ్లాగులు రాయడం నేర్పుతున్నావు. పెద్దమ్మ ఉండి ఉంటే, “చెల్లెలికి చెప్పని చదువు ఎందుకే?” అని నిన్ను నిలదీసేది. ఐసు ఫ్యాక్టరీలో బిల్లులు రాసుకునే దానికి ఈ పిచ్చి ఏమిటని అనకు. రాయకపోతే నాకు ఊపిరి ఆడదు. చదివేవాళ్ళు లేకపోయినా అంతే.

నీ చెల్లెలు
నూబియా


క్విటో,
ఫిబ్రవరి 20

నూబీ,

నీ బ్లాగు మొత్తం ఒక పూట కూర్చుని చదివాను. నిద్ర ఆపుకోవడానికి కాఫీ రెండుసార్లు పెట్టుకోవలసి వచ్చింది. కోపం తెచ్చుకోకు, నేర్పమన్నది నువ్వే.

‘సంధ్యారాగాలు’, ‘అలల ఊసులు’. ఇవేం పేర్లే? అలల ఊసుల కోసం ఈ భూమ్మీద ఎవరైనా వెతుకుతారా? శీర్షిక చూడగానే లోపల ఏముందో తెలియాలి, అయినా తలుపు తీసి చూడాలనిపించాలి. మొదటి వాక్యంలోనే ఒక మనిషి కనబడాలి, ఆ మనిషి ఏదో ఒక పని చేస్తూ ఉండాలి. నువ్వేమో మూడు పేరాలు ఆకాశం గురించి చెప్పి, అప్పుడు తీరిగ్గా ఒక పడవని తీసుకొస్తావు. అప్పటికి చదివేవాడు దిగాల్సిన స్టాపు వచ్చేస్తుంది. జనం బస్సులో నిలబడి, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో తోసుకుంటూ చదువుతారు. పేరా పొడుగైతే ఆ వేలు ఆగదు.

ఒక రోజు ఖాయం చేసుకో. శుక్రవారం అనుకుంటే వాన వచ్చినా, జ్వరం వచ్చినా శుక్రవారమే. అలవాటు పడితేనే మళ్ళీ వస్తారు. వీధుల పేర్లు రాయి. ఏం తిన్నారో, ఎలా తిట్టుకున్నారో రాయి. కామెంట్ పెట్టిన ప్రతి మనిషికీ జవాబు చెప్పు, తిట్టినవాడికైనా సరే, మాత్రలవాడికి తప్ప.

ఇంకో మాట. ‘సాగరకన్య’ అని మారుపేరు పెట్టుకున్నావు చూడు, అది ముందు తీసెయ్. సాగరకన్య చెబితే ఎవరు నమ్ముతారు? నూబియా కైసేదో చెబితే నమ్ముతారు. పేరున్న మనిషి రాసినదానికే బరువు.

చివరిగా, అందరి కోసమూ రాయకు. ఒక్క మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ మనిషికి చెప్పు. లోకం దానంతట అదే పక్కన చేరి చెవి పెడుతుంది.

కొబ్బరుండలు పైవరస నిజంగానే లేదు. దొంగవెధవలు.

అక్క


పుంటా మన్సా,
మార్చి 16

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఎలా చేశానో వింటే మాత్రం సంతోషించవు.

చేపలమ్మే ముసలాయన డోన్ ఎవారిస్తో పోయాడు. మంగళవారం పొద్దున బజారులో. ఐసు బిల్లు ఇద్దామని నేను ఆయన బల్ల ముందే నిలబడి ఉన్నాను. పెద్ద కొర్వినా చేపని కోస్తూ, “ఏం నూబియా, మీ ఆయన ఇంకా సూర్యాస్తమయాలే వింటున్నాడా? పాపం, ఇంజను మోతే నయమనుకుంటాడు!” అని వేళాకోళం చేస్తున్నాడు. నేను నవ్వుతున్నాను. మోటార్‌సైకిల్ వచ్చి ఆగింది. వెనక కూర్చున్నవాడు దిగలేదు, మొహానికి ఏమీ కట్టుకోలేదు. డోన్యా ఫెలీసా చిన్నకొడుకు జైరో.

“టీకా వద్దన్నావంట, ముసలోడా?” అన్నాడు.

“చేప కావాలంటే పట్టుకుపో, మీ అమ్మకి కూర వండమను. డబ్బు మాత్రం ఇవ్వను,” అన్నాడాయన, తలెత్తకుండానే.

మొదటి గుండు మెడలో దిగింది. కత్తి చేతిలోంచి జారలేదు, అలాగే పట్టుకుని బల్లమీదికి వాలాడు. జైరో ఇంకా కాల్చాడు, వాలిన మనిషిని. చేపల నెత్తురు పోవడానికి ఆ బల్లకి ఒక గాడి ఉంటుంది కదా, ఆ గాడిలోంచే ఆయన నెత్తురు కూడా కిందికి కారి నా చెప్పుల్లోకి వచ్చింది. వెచ్చగా ఉంది అక్కా. జైరో నావైపు చూసి, బాగున్నావా అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు. పోలీసులు వచ్చి, ఎవరైనా చూశారా అని అడిగారు. బజారంతా చూసింది. ఎవరూ చూడలేదన్నారు. నేనూ అలాగే అన్నాను.

శుక్రవారం ఆయన గురించి రాశాను. ‘చేపను తోకనుంచి కోసే మనిషి’ అని పేరు పెట్టాను. ఎలా చనిపోయాడో ఒక్క ముక్కలో ఊరుకున్నాను, ఎవరు చంపారో రాయలేదు. ఆయన ఎలా కోసేవాడో రాశాను. డబ్బు లేనివాళ్ళకి తలకాయలు ఊరికే ఇచ్చి, “నీకోసం కాదు, మీ పిల్లి కోసం,” అనేవాడని రాశాను. ఆయన భార్యని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆవిడకి చెబుతున్నట్టు రాశాను. కింద నా పేరు పెట్టాను.

ఎంతమంది చదివారో నాకే నమ్మకం కలగడం లేదు. గుయాకిల్ నుంచి, స్పెయిన్‌లో పాచిపని చేసుకుంటున్న మన ఊరి ఆడవాళ్ళ నుంచి వస్తున్నాయి కామెంట్లు. ‘మా నాన్న గురించి కూడా రాస్తారా?’ ‘మా అన్న బస్సులోంచి దిగాడు, మళ్ళీ రాలేదు. ఏమయ్యాడో తెలిస్తే చాలు.’ అందరికీ జవాబులు రాస్తున్నాను. ఏడుస్తూ రాస్తున్నాను, అయినా అక్కా, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఎన్నడూ లేనంత సంతోషంగా కూడా ఉంది. ఈ రెండూ ఒకేసారి ఎలా ఉంటాయి?

నూబియా


క్విటో,
మార్చి 27

నూబీ,

డోన్ ఎవారిస్తో నన్ను ‘ఎండు పీత’ అని పిలిచేవాడు. నీ పోస్టు చదివి వంటింట్లో నేలమీద కూర్చుండిపోయాను.

సంతోషం గురించి అడిగావు. రాసేవాళ్ళందరికీ ఉండే రోగమే అది, సిగ్గుపడకు. చేతిలో పని బాగా కుదిరినప్పుడు చెయ్యి సంతోషిస్తుంది, మనసు ఏడుస్తున్నా సరే.

ఆ పోస్టుని నా క్లాసులో చదివి వినిపించాను. వాళ్ళు నలుగురికీ పంపారు, ఆ నలుగురూ ఇంకొందరికి. నీ దగ్గరికి అంతమంది రావడానికి అదీ ఒక కారణం. నిన్ను అడగాల్సింది. అడగలేదు.

రాస్తూనే ఉండు. చనిపోయినవాళ్ళ గురించే రాయి, ఎలా బతికారో రాయి. ప్రతి పోస్టు చివరా దాని ముందు పోస్టుకి దారి ఇవ్వు, ఒకటి చదివినవాడు రెండోదానికి వెళ్ళేలా. ఫోటో ఒక్కటి చాలు, నవ్వుతున్నది. ఎవరు చంపారన్న మాట జోలికి మాత్రం పోకు. కామెంట్లలో ఎవరైనా రాస్తే వెంటనే తీసెయ్. నువ్వు ఆ బజారుకే రోజూ వెళ్ళాలి.

అక్క


పుంటా మన్సా,
ఏప్రిల్ 20

అక్కా,

జైరోని చంపేశారు. ఏటికి అవతలి ఒడ్డు ముఠా. క్షౌరశాలలో కుర్చీలో కూర్చుని గడ్డం గీయించుకుంటుంటే వచ్చారు. సగం మొహం నురగతోనే ఉందట. మోచో ఆ మధ్యాహ్నమే పడవలేసుకుని అవతలి ఒడ్డుకి వెళ్ళాడు. పొగ ఇక్కడికి కనబడింది. ఒక ఇంట్లోవాళ్ళు తలుపు తీసుకుని బయటికి రాబోతే, తలుపు దగ్గరే కాల్చి మళ్ళీ లోపలికి తోసేశారని చెప్పుకుంటున్నారు. అందులో ఒక బాలింత ఉంది.

శవయాత్రలో పెట్టెని మోటార్‌సైకిళ్ళ మధ్య మోస్తూ, దారి పొడుగునా గాల్లోకి కాలుస్తూ ఊరంతా తిప్పారు. కిటికీలు వేసినవాళ్ళ ఇళ్ళమీద తూటాలు దించారు. జైరోకి మర్యాద ఇవ్వలేదట.

తర్వాత మోచో ఐసు ఫ్యాక్టరీకి వచ్చాడు. అందర్నీ బయటికి పంపించి, నా బల్ల మీద కూర్చుని, పిస్తోలు తీసి నా బిల్లుల మీద బరువుగా పెట్టాడు.

“ఏం రచయిత్రిగారూ! చేపలోడి గురించి నువ్వు రాసింది మా అమ్మ చదివించుకుని ఏడ్చింది. చేపలమ్మేవాడి కోసం మా అమ్మ ఏడవడమేంటి? మరి నా తమ్ముడి కోసం ఈ ఊరు ఏడవొద్దా?”

“జైరో గురించి నాకేం తెలుసు?”

“తెలుసుకో. నీకు శుక్రవారం శుక్రవారం కదా. వచ్చే శుక్రవారం మా వాడిది. చదివినవాళ్ళ కళ్ళు చెరువులైపోవాలి. చేపలోడికి ఎంతమంది వచ్చారో అంతకంటే ఎక్కువ రావాలి, నేను చూసుకుంటా.”

“రాకపోతే?”

“వస్తారు. నీకు తెలుసుగా ఎలా రప్పించాలో.”

ఇదీ సంగతి. నిన్ను అడుగుతున్నది ఒక్కటే, నా కళ్ళముందు మనిషిని కాల్చినవాడి గురించి ఎలా మొదలుపెట్టాలి? అర్సెనియో పడవల షెడ్డులో పనిమీద ఉన్నాడు, ఈ వారం ఇంటికి రాడు. ఇంట్లో ఒక్కదాన్నే. వెంటనే రాయి.

నూబియా


క్విటో,
ఏప్రిల్ 23

నీకు మతి పోయిందా? ఎలా మొదలుపెట్టాలని అడుగుతావా! మొదలుపెట్టకు. ఈ ఉత్తరం చేరగానే సంచీ సర్దు. అర్సెనియోని కూడా లాక్కుని వచ్చెయ్, ఇంజన్లు ఎక్కడికీ పోవు. బ్లాగు మూసెయ్, పేరు తీసెయ్, అన్నీ తీసెయ్. నీ పేరు పెట్టమని చెప్పిన నా నోరు పడిపోను.

రాలేకపోతే, రాయక తప్పకపోతే, నువ్వు మొదట్లో రాసేదానివే అలా రాయి. ఆకాశం, అలలు, తల్లి కన్నీళ్ళు. ఎవరూ చదవకుండా ఎలా రాయాలో నీకు బాగా వచ్చు. అదే నిన్ను కాపాడుతుంది.

జొరైదా


పుంటా మన్సా,
మే 6

అక్కా,

ఈ ఉత్తరం తెచ్చిన మనిషిని ముందు లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టు. చేతి కట్టు విప్పి చూసి కంగారుపడకు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

నీ దగ్గర ఒక మాట దాచాను. అర్సెనియో షెడ్డులో పనిమీద లేడు. మోచో నా దగ్గరికి వచ్చిన పొద్దుటే ఆయన్ని పట్టుకుపోయి కట్టేశారు. పోస్టు వచ్చాకే వదులుతామన్నారు. మొదటి రోజే పారిపోబోతే, మోచో పడవ నడిపే చాతో లంగరు కాడతో కుడిచేతి వేళ్ళు చితక్కొట్టాడు. నీకు రాస్తే నువ్వు పోలీసుల దగ్గరికి పరిగెత్తేదానివి. ఇక్కడి పోలీసులు ఎవరి జీతగాళ్ళో నీకు చెప్పాలా?

అందుకే ఆకాశం, అలలు కుదరలేదు. జనం రాకపోతే ఆయన రాడు.

డోన్యా ఫెలీసా ఇంటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని ఉంది. ఆ చేతులు గుర్తున్నాయా, బురదలో నానినానీ పగిలిపోయి? నన్ను చూడగానే ఆవిడే, “కూర్చోవే. వాడు మంచివాడని రాయమన్నాడా పెద్దోడు? మంచివి కూడా ఉన్నాయి, రాసుకో,” అంది. చెప్పింది. జైరో కళ్ళు మూసుకుని మారింబా వాయించేవాడట. ఏరు పొంగినప్పుడు తల్లిని వీపున వేసుకుని ఈదాడట. రొయ్యల కూరలో కొబ్బరిపాలు తక్కువైతే అలిగేవాడట. అన్నీ చెప్పాక నా కలం పట్టుకుని ఆపింది.

“అయిందా? ఇప్పుడు రెండోది రాసుకో. ఇది శుక్రవారానికి కాదు, నీ మొగుడు బయటపడ్డాక.”

“రెండోది ఏంటి, పిన్నీ?”

“బస్సులోంచి దించినవాళ్ళని ఎక్కడ పెట్టారో నాకు తెలుసు. జైరో చెప్పాడు. అన్నం తింటూ చెప్పాడే, ఉప్పు ఇలా ఇవ్వు అన్నట్టు చెప్పాడు. లా లోరా పాయ వెనక, నేను గుల్లలు ఏరే చోటే. నేను ఏరి తెచ్చిన గుల్లలే వాడు తిన్నాడు, మేమందరం తిన్నాం. ఆ పూట నుంచి నేను ముట్టలేదు.”

తనకి తెలిసిన పేర్లు చెప్పింది. అవతలి ఒడ్డువాళ్ళు, బస్సువాళ్ళు, ఒక నర్సమ్మ. “మావాళ్ళలోనే ఒకడు కూడా ఉన్నాడంట, పేరు చెప్పలేదు,” అంది. “నువ్వు రాసిపెట్టి పారిపోకు. పారిపోతే అబద్ధం రాసిందంటారు. గుల్లలు ఏరేవాళ్ళందరం కలిసి వెళ్ళి తవ్వుతాం. నువ్వూ దిగాలి.”

“మోచో ఊరుకుంటాడా?”

“ఊరుకోడు. కని పెంచినదాన్ని, నాకు తెలీదా?”

శుక్రవారం పోస్టు పెట్టాను. ‘కళ్ళు మూసుకుని మారింబా వాయించే జైరో’. ఒక్క అబద్ధం రాయలేదు, నిజంలో సగమే రాశాను. జనం వచ్చారు. తిట్టినవాళ్ళే ఎక్కువ, కానీ వచ్చారు. మోచో నన్ను షెడ్డుకి పిలిపించి, తన ముందు నిలబెట్టి చదవమన్నాడు. అర్సెనియోని నేలమీద పడేశారు. “ఆ ఏరు పొంగిన చోటు మళ్ళీ చదువు,” అన్నాడు. మళ్ళీ చదివాను. వాడు ఏడ్చాడు అక్కా, వెక్కి వెక్కి ఏడ్చాడు. ఏడుస్తున్నంతసేపూ అర్సెనియో చితికిన చేతిమీద బూటుకాలు పెట్టే నిలబడ్డాడు. ఆయన అరుపుకీ వాడి ఏడుపుకీ మధ్యలో నేను గొంతు పెంచి చదివాను. ఆపితే ఏం చేస్తాడో అని.

“బాగా రాశావ్,” అని కాలు తీశాడు. “తీసుకుపో.”

రెండోది ఈ శుక్రవారం పెడుతున్నాను. ‘లా లోరా పాయ వెనక ఎవరున్నారు?’ అని పేరు. అందులో మొదటి వాక్యం, ‘ఫెలీసా మీనా అన్నం వడ్డిస్తుంటే కొడుకు చెప్పాడు’ అని. నా పేరూ ఆవిడ పేరూ కింద ఉంటాయి. శనివారం పొద్దున పోటు తగ్గగానే బురదలో దిగుతాం.

అర్సెనియో వెళ్ళనని మొండికేశాడు. నీకు ఈ ఉత్తరం అర్జెంటుగా అందాలని అబద్ధం చెప్పి బస్సెక్కించాను. నా మీద కోపంగా ఉంటాడు. ఉండనీ.

నూబియా


క్విటో,
మే 11

నూబీ,

రెండు వేళ్ళు తీసేశారు. మిగతావి నిలుస్తాయన్నారు. మత్తు దిగాక మొదట అన్నమాట, “అది నన్ను మోసం చేసి పంపింది.” తర్వాత మొహం గోడవైపు తిప్పుకున్నాడు. చెంచా నేనే పట్టుకుంటున్నాను.

నీ పోస్టు శుక్రవారం మధ్యాహ్నం నా క్లాసులో ఉండగా వచ్చింది. నా విద్యార్థి ఒకడు అది చూసి, “మేడం, శీర్షికలో ప్రశ్న పెట్టడం వల్లే ఇంతమంది వస్తున్నారు కదా?” అని అడిగాడు. వాణ్ణి కొట్టబోయాను నూబీ. చెయ్యి ఎత్తాను కూడా. ఆ మాట వాడికి నేర్పింది నేనే.

క్లాసు ఆపేసి అందర్నీ పనిలో పెట్టాను. పత్రికలకి, నేవీకి, తప్పిపోయినవాళ్ళ కోసం తిరిగే సంఘాలకి, సరిహద్దు అవతల రేడియోలకి పంపించాం. నా పేజీ మొత్తం తీసేసి అదొక్కటే ఉంచాను. నేవీలో ఒకాయన, “ధ్రువీకరించుకున్నాక చూస్తాం,” అన్నాడు. “ధ్రువీకరించడానికి ఆడవాళ్ళు బురదలో దిగారు, మీరు బూట్లు తడవకుండా చూసుకోండి,” అని ఫోను పెట్టేశాను.

శనివారం గడిచింది. ఆదివారం గడిచింది. నీ దగ్గర్నుంచి ఏమీ లేదు. నేనేమీ చెప్పను, ఏ సలహా ఇవ్వను. బతికున్నానని ఒక్క ముక్క.

అక్క


పుంటా మన్సా,
మే 19

అక్కా,

బతికే ఉన్నాను. అర్సెనియోకి ముందు ఆ మాట చెప్పు. తర్వాత ఇది చదివి వినిపించు, మధ్యలో లేచిపోతే పోనీ.

శనివారం గుల్లలు ఏరే ఆడవాళ్ళు దాదాపు అందరూ వచ్చారు. నోట్లో చుట్టలు పెట్టుకుని, దోమలకి పొగ వదులుతూ, వేళ్ళతో బురదని తడుముతూ ముందుకి వెళ్ళాం. మొదట దొరికింది ఒక చెప్పు. తర్వాత ఎముక అనుకుని లాగితే వేరు. తర్వాత వేరు అనుకుని లాగితే చెయ్యి. నేను పక్కకి తిరిగి వాంతి చేసుకున్నాను. డోన్యా ఫెలీసా నా వీపు నిమిరి, “కక్కేసెయ్, కక్కి మళ్ళీ రా,” అంది.

ఆరుగురిని బయటికి తీసి, దుప్పట్ల మీద పడుకోబెట్టేసరికి పడవ చప్పుడు వినబడింది. మోచో, వెనక చాతో, ఇంకొందరు, తుపాకులతో. మోచో పడవ ఆగకముందే నీళ్ళలోకి దూకాడు.

“అమ్మా! బయటికి రా!”

ఆవిడ తవ్వుతూనే ఉంది.

“నిన్నే! రాయించినదాన్నీ రాసినదాన్నీ ఇక్కడే పాతేస్తా. బయటికి రా!”

“పాతు. చోటు కోసం నువ్వు వెతుక్కోనక్కర్లేదుగా,” అంది, వంగినదల్లా లేవకుండానే. “మీ తమ్ముడు ఇక్కడే అన్నాడు. ఇంకా ఎంతమంది ఉన్నార్రా?”

కాల్చాడు. అమ్మని కాల్చాడు అక్కా. గుండు భుజంలోంచి దూసుకుపోయింది. ఆవిడ బురదలో మోకాళ్ళ మీద పడింది. మేము ఎనిమిదిమందో పదిమందో అడ్డం నిలబడ్డాం. ధైర్యం కాదు, కాళ్ళు బురదలో కూరుకుపోయి పరిగెత్తడానికి లేదు. మోచో తుపాకీ నావైపు తిప్పాడు. నా మొహంలోకి చూస్తూ, “రచయిత్రిగారూ,” అన్నాడు.

చాతో గట్టుమీద దుప్పట్ల దగ్గర నిలబడిపోయి ఉన్నాడు. ఒక శవం నడుముకి ఇత్తడి బకిల్ ఉన్న బెల్టు. దాన్ని చేత్తో తుడిచి, “ఇది మా ఉలీసెస్‌ది,” అన్నాడు. మోచో వినిపించుకోలేదు. చాతో మళ్ళీ అన్నాడు, ఈసారి అరిచాడు, “ఇది మా అన్నది! అవతలి ఒడ్డువాళ్ళు చంపి సముద్రంలో పడేశారన్నావ్! వాళ్ళ మీద కసితో నీ దగ్గర చేరాను! ఆ ఇళ్ళు తగలబెట్టాను!”

“ఒరేయ్, వాడు డబ్బు కాజేశాడ్రా—” అంటూ మోచో వెనక్కి తిరిగాడు. మాట పూర్తికాలేదు. చాతో కాల్చాడు. పడ్డాక కూడా కాలుస్తూనే ఉన్నాడు, తూటాలు అయిపోయి తుపాకీ ఉత్తి చప్పుడు చేస్తున్నా నొక్కుతూనే ఉన్నాడు. మిగతావాళ్ళు పడవెక్కి పారిపోయారు. చాతో అన్న పక్కన కూర్చుండిపోయాడు. నేవీవాళ్ళు వచ్చి బేడీలు వేసేదాకా అలాగే కూర్చున్నాడు. అర్సెనియో వేళ్ళు చితక్కొట్టింది వాడే, నన్ను బతికించిందీ వాడే. వాడి గురించి ఏం అనుకోవాలో నాకు తెలీదు, అడగకు.

డోన్యా ఫెలీసా భుజానికి గౌను గుడ్డ బిగించి కట్టాం. పాక్కుంటూ వెళ్ళి మోచో తల ఒళ్ళో పెట్టుకుంది. నోట్లోంచి బురద వేలితో తీసింది. ఎంతసేపటికో, “వీడి గురించి కూడా రాస్తావా?” అని అడిగింది. రాయమంటావా పిన్నీ అన్నాను. “ఇప్పుడు కాదు. ముందు వీళ్ళందరివీ అయిపోనీ. వీడు ఆఖర్న,” అంది. ఆసుపత్రికి తీసుకెళ్ళబోతే వేలితో ఇంకా తవ్వని చోటు చూపించింది.

అవతలి ఒడ్డు ముఠా అలాగే ఉంది, అక్కా. మోచో చోటులోకి ఎవరో ఒకరు వస్తారు. రాత్రికి రాత్రి ఈ ఊరు బాగుపడిందని రాయలేను. బజారులో నావైపు చూసి తలుపులు వేసుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అర్సెనియో అక్కడే ఉండాలి. నేను ఎప్పుడు వస్తానో అడగొద్దని చెప్పు. ఆయన చేతిని ఒకసారి నాకోసం పట్టుకో.

సోమవారం నుంచి పడవలు వస్తున్నాయి. నేవీ పడవలు కాదు, చిన్నవి. ఏటికి ఎగువ ఊళ్ళనుంచి, సరిహద్దు దాటి తుమాకో నుంచి. ఆడవాళ్ళే ఎక్కువ, చేతుల్లో ఫోటోలు, పారలు, సంచిలో ఉడికించిన అరటికాయలు. నీళ్ళలోనే పడవ ఆపి అడుగుతారు, “చదివాం, ఇక్కడేనా?” అని.

నిన్న ఒకావిడ ఒంటరిగా వచ్చింది. నా అంత వయసు కూడా ఉండదు. “నూబియా కైసేదో ఎవరమ్మా?” అంది. నేనే అన్నాను. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది, అంతా బురద.

“నాకు చదువు రాదు. పక్కింటామె చదివి వినిపించింది. పేర్లు మూడుసార్లు చదివించుకున్నాను. మావాడి పేరు అందులో లేదు. అయినా వచ్చాను. ఎవరి వాళ్ళో ఒకళ్ళు దొరుకుతారుగా.”

చెప్పులు పడవలో వదిలేసి, గౌను అంచు నడుముకి దోపుకుని దిగింది. ఎక్కడ అడుగు పెడితే దిగబడదో చూపిస్తూ నేను ముందు నడిచాను.

నూబియా